రూటు ఎంచుకునేటప్పుడు మీ బండికి ఫోర్ బై ఫోర్ లేదనుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఉండేది బెంగళూరులో, వైట్‌ఫీల్డ్ దగ్గర. ఈ మధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఒక డీజిల్ ఫోర్ బై ఫోర్ తీసుకున్నారు. పార్ట్‌టైమ్ రకం, అంటే మామూలుగా వెనక చక్రాలతో నడుస్తూ, మనం మార్చినప్పుడే నాలుగు చక్రాలకీ శక్తి అందేది. మీటరు ఎనభై ఐదు వేలు దాటింది. సంక్రాంతికి అమ్మానాన్నల్ని, భార్యాబిడ్డల్ని ఎక్కించుకుని భీమవరం వెళ్లాలి. ఇంత దూరం తీస్తే ఫోర్ వీల్ సిస్టమ్ దారిలో మొరాయిస్తుందా? వాన పడితే హైవే మీద ఫోర్ హైలో (మామూలు వేగంలో నాలుగు చక్రాలకీ శక్తి అందే స్థితి) నడపొచ్చా? చిత్తూరు, నెల్లూరు మీదుగా వెళ్లాలా, లేక అంత బండి చేతిలో ఉంది కాబట్టి అనంతపురం, గిద్దలూరు మీదుగా అడవి దారి పట్టాలా? చివర్లో వేసవికి లదాఖ్ అనుకుంటున్నారని కూడా రాశారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీరు భీమవరం సుఖంగా చేరతారా లేదా అన్నది ఫోర్ వీల్ డ్రైవ్ తేల్చే విషయం కాదు. టైర్లు, ఆయిళ్లు, ఏ వేళకి ఏ ఘాట్‌లో ఉంటారన్న లెక్క, ఈ మూడూ తేలుస్తాయి. అందుకే రూటు ఎంచుకునేటప్పుడు మీ బండికి ఆ ఫోర్ వీల్ లివర్ లేదనుకునే ఎంచుకోండి. కొన్నాం కదా, దాని సత్తా చూద్దాం అనిపించడం సహజమే. కానీ వెనక సీట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని చూడాల్సిన సత్తా కాదది.

ఫోర్ హై సంగతి చూద్దాం. పార్ట్‌టైమ్ బండిలో ముందు, వెనక ఇరుసుల్ని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు. థార్, జిమ్నీ, కొత్త తరం ఫార్చ్యూనర్ ఫోర్ బై ఫోర్, ఇసుజు వీ-క్రాస్ అన్నీ ఈ పద్ధతే. ఇరుసులకి శక్తిని మోసే పొడవాటి కడ్డీలే ప్రొపెల్లర్ షాఫ్టులు. ఫోర్ హై వేయగానే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకే వేగంతో తిరిగేలా ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె) వాటిని కలిపేస్తుంది. అయితే మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాలకంటే పెద్ద వలయంలో వెళ్తాయి, అంటే ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలోనో ఇసుకలోనో అయితే టైరు కొంచెం జారి ఆ తేడా సర్దుకుపోతుంది. ఎండిన తారు మీద, కాంక్రీటు మీద టైరు జారదు. ఆ తేడా అంతా తడిబట్ట పిండినట్టు షాఫ్టుల్ని మెలిపెడుతుంది. మొదట స్టీరింగ్ బరువెక్కుతుంది, యూటర్న్‌లో బండి కుదుపులు ఇస్తుంది. టూ హైకి, అంటే మళ్లీ వెనక చక్రాల నడకకి మారుద్దామంటే లివర్ బిగుసుకుపోతుంది, స్విచ్ ఉన్న బండైతే లైటు మిణుకుతూనే ఉంటుంది. అలా జరిగితే కంగారుపడి లాగకండి. నేరుగా కొన్ని మీటర్లు రివర్స్‌లో వెళ్తే బిగువు వదిలి గేరు దానంతటదే ఊడుతుంది. అదే పనిగా అలా నడిపితే మాత్రం ట్రాన్స్‌ఫర్ కేసు చెయిన్, షాఫ్టుల కీళ్లలో ఉండే క్రాస్ బేరింగులు, ముందు ఇరుసు ఒక్కొక్కటీ బిల్లు పంపిస్తాయి.

ఇది పార్ట్‌టైమ్ బండ్ల మాట. ఎక్స్‌యూవీ 700, కంపాస్ లాంటి ఆల్ వీల్ డ్రైవ్ బండ్లలో రెండు ఇరుసుల మధ్య ఎలక్ట్రానిక్‌గా పట్టు సర్దే కప్లింగ్ ఉంటుంది కాబట్టి వాళ్లకి ఈ గొడవ లేదు. ఆఫీసులో వాళ్లు "నేను హైవే అంతా ఆల్ వీల్‌లోనే వెళ్తాను, ఏం కాలేదు" అంటే నిజమే చెబుతున్నారు, కానీ అది మీ బండికి వర్తించదు.

మరి వానలో? తడిసిన తారుకి కూడా టైరును పట్టుకునే శక్తి బాగానే ఉంటుంది, మలుపుల్లో పైన చెప్పిన బిగువు అప్పుడూ వస్తుంది. అంతకంటే ముఖ్యం, వానలో హైవే మీద వచ్చే ప్రమాదాలు రెండు: నీటి పొర మీద టైరు తేలిపోవడం, ముందు బండి ఆగితే మనం ఆగలేకపోవడం. ఈ రెండింటికీ ఫోర్ వీల్ డ్రైవ్ చేసే సాయం సున్నా. ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకీ ఉంటాయి. మీ బండి బరువెక్కువ, ఎత్తెక్కువ, కాబట్టి అదే వేగంలో పక్కనున్న సెడాన్ కంటే మీకే ఎక్కువ జాగా కావాలి. జోరువానలో టూ హైలోనే ఉండి వేగం 60, 70కి దించండి, క్రూయిజ్ కంట్రోల్ ఆపేయండి. ఫోర్ హై వేయాల్సిన చోట్లు వేరే ఉన్నాయి: రోడ్డు పనుల దగ్గర బురద మళ్లింపు, కంకర పోసిన వాలు, ఊళ్లో తడిసిన చేను. నిజం చెప్పాలంటే ఈ ట్రిప్పులో మీకు ఆ లివర్ పనికొచ్చే చోటు ఒక్కటే కనిపిస్తోంది, భీమవరం దగ్గర ఉండి అనే ఊరి చుట్టుపక్కల కోడిపందేల బరి పక్కన చేలో పార్కింగ్. డెల్టా మట్టి కాస్త తడిగా ఉంటే చాలు, టూ హైలో బయటికి రాలేక తంటాలు పడే బండ్లు అక్కడ కనిపిస్తాయి.

ఇక నమ్మకం సంగతి. ఫోర్ వీల్ సిస్టమ్ ఎక్కువ వాడటం వల్ల చెడిపోయిన బండ్ల కంటే అసలు వాడకపోవడం వల్ల చెడిపోయినవే నేను ఎక్కువ చూశాను. బెంగళూరులో ఐదేళ్లు ఆఫీసు పార్కింగ్‌కీ ఇంటికీ తిరిగిన బండిలో ముందు ఇరుసుకి పనే ఉండదు. ఆయిల్ అడుగున కూర్చుంటుంది, పైనున్న గేరు పళ్లకీ సీళ్లకీ తడి తగలదు. ముందు చక్రాల హబ్బుల్ని ఇరుసుకి కలిపే వాక్యూమ్ గొట్టాలు ఎండి పగుళ్లిస్తాయి, ఫోర్ వీల్‌కి మార్చే మోటారు తుప్పుపట్టి బిగుసుకుంటుంది. టొయోటా పార్ట్‌టైమ్ బండ్ల మాన్యువల్‌లో నెలకి కనీసం 16 కిలోమీటర్లు ఫోర్ వీల్‌లో నడపమని రాసి ఉంటుంది, ముందు భాగాలకి ఆయిల్ అందడానికి. మీది ఏ కంపెనీ అయినా ఆ అలవాటు మంచిదే. హోస్కోటె దాటి పల్లె మట్టిరోడ్డు మీదకి వెళ్తే చాలు. ఫోర్ హై వేసి నిదానంగా, వీలైనంత నేరుగా నడపండి. తర్వాత ఆగి "ఫోర్ లో" (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే స్థితి) వేసి చూడండి, లైట్లన్నీ సరిగ్గా వస్తున్నాయా, మళ్లీ టూ హైకి వచ్చేస్తోందా. ఇది ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు చేయాలి. ముందు రోజు సాయంత్రం చేసి లైటు వెలగడం లేదని టెన్షన్ పడితే ఎవరూ ఏమీ చేయలేరు. జేసీ రోడ్డులో దొరకని పార్టు ఉండదంటారు గానీ, పండగ వారంలో ట్రాన్స్‌ఫర్ కేసు మోటారు దొరుకుతుందని నేనైతే హామీ ఇవ్వలేను.

సెకండ్ హ్యాండ్ కాబట్టి ఆయిళ్ల చరిత్రని నమ్మకండి. ఇంజిన్ ఆయిల్ ప్రతి సర్వీసులో మారుస్తారు. ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు ఇరుసు, వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ హౌసింగులు (గేర్ల పెట్టెలు), ఈ మూడింటినీ చాలామంది ఓనర్లు ఎప్పుడూ ముట్టుకోరు, బిల్లులో కనిపిస్తే తప్ప మార్చినట్టు లెక్కేయొద్దు. మూడూ మార్పించండి, మీ ఎదుటే తీయించండి. మాన్యువల్‌లో ఏ గ్రేడు రాసి ఉందో అదే పోయాలి. ట్రాన్స్‌ఫర్ కేసుకి కొన్ని బండ్లలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, కొన్నింట్లో గేర్ ఆయిల్, "అన్నిట్లో ఇదే పోస్తాం సార్" అనే చోట ఒప్పుకోకండి. తీసిన ఆయిల్ నల్లగా ఉంటే పాతబడింది, అంతే. తెల్లగా, నురగ పట్టినట్టు ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి మెత్తని పేస్టులా పొడి అంటుకుంటే ఫర్వాలేదు, గోటికి తగిలే లోహపు ముక్కలుంటే ఆ హౌసింగ్ విప్పించకుండా దూరం వెళ్లకండి.

నీళ్లు ఎలా వెళ్తాయో కూడా చెబుతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ చూడరు. డిఫరెన్షియల్ పైన బ్రీదర్ అని ఒక చిన్న గొట్టమో మూతో ఉంటుంది. గంటలకొద్దీ నడిచి వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారి చల్లటి వాగు నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుంటుంది. బ్రీదర్ తెరిచి ఉంటే అక్కడి నుంచి గాలి పీల్చుకుంటుంది. అది మట్టితో మూసుకుపోయి ఉంటే ఆయిల్ సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. రెండు నెలల తర్వాత బేరింగు మోగుతుంది, అప్పటికి ఆ వాగు మనకి గుర్తుండదు. బెంగళూరు అండర్‌పాస్‌లో వాన నీళ్లు దాటినా ఇదే జరుగుతుంది, అడవికే వెళ్లక్కర్లేదు. మెకానిక్‌తో ఆ మూత తీయించి, ఊదించి పెట్టించండి. పైసా ఖర్చు లేని పని.

అదే లిఫ్టు మీద ఉండగానే ప్రొపెల్లర్ షాఫ్టుల క్రాస్‌లు చేత్తో పట్టుకుని ఊపి చూడమనండి, ఆట ఉంటే మార్చాలి. గ్రీసు నిపుల్స్ ఉంటే గ్రీసు కొట్టించండి. డ్రైవ్‌లో వేయగానే "టక్" అని శబ్దం వస్తోందంటే చాలాసార్లు అక్కడిదే. ముందు చక్రాల దగ్గర రబ్బరు బూట్లు చిరిగాయేమో చూడాలి. చక్రం దగ్గరుండే ఏబీఎస్ సెన్సర్ వైరు తెగినా, మట్టి పట్టినా డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్, ఈఎస్‌పీ, ఫోర్ వీల్ లైట్లు కలిసికట్టుగా వెలుగుతాయి. జనం ట్రాన్స్‌ఫర్ కేసు పోయిందని గుండెలు బాదుకుంటారు, తీరా చూస్తే సెన్సర్. బ్యాటరీ బలహీనంగా ఉన్నా అలాంటి వేషాలే వేస్తుంది, నాలుగేళ్లు దాటితే టెస్ట్ చేయించండి.

టైర్ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. సెకండ్ హ్యాండ్ బండికి ముందు రెండు ఒక కంపెనీవి, వెనక రెండు ఇంకో కంపెనీవి ఉండటం మామూలే. సైజు ఒకటే కదా అంటారు. కానీ అరుగుదల తేడా వల్ల చుట్టుకొలత మారుతుంది. చుట్టుకొలత మారితే నేరుగా వెళ్తున్నప్పుడు కూడా ముందు, వెనక షాఫ్టుల వేగం వేరవుతుంది. మీ బండిలో టూ హైలో ఇది పెద్దగా తెలియదు, ఫోర్ హై వేసిన క్షణం నుంచి మొదలవుతుంది. ఆల్ వీల్ డ్రైవ్ బండ్లలో కప్లింగ్ రోజంతా ఆ తేడాని సర్దుతూ వేడెక్కి చివరికి చేతులెత్తేస్తుంది. కాబట్టి నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, దాదాపు ఒకే అరుగుదల. స్టెప్నీని కూడా రొటేషన్‌లో కలుపుకుంటే ఐదూ సమానంగా అరుగుతాయి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. చట్టం ప్రకారం గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది. 3 మిల్లీమీటర్ల కంటే తగ్గితే నేనైతే వానాకాలంలో హైవే ఎక్కను. ఆరేళ్లు దాటిన టైరు ఎంత గాడి ఉన్నా అంతే.

పాత ఓనరు మడ్ టైర్లు వేయించి ఉంటే వాటిని అమ్మేయండి. చూడ్డానికి ఠీవిగా ఉంటాయి, తడి తారు మీద ఆగవు, హైవే మీద హోరు చెవుల్లోంచి పోదు. హైవే టైరు గానీ, మెత్తని రకం ఆల్ టెర్రెయిన్ గానీ చాలు. నల్లరేగడి తడిస్తే మడ్ టైరు కూడా ఓ పది చుట్లకి గాళ్లు నిండి నున్నగా అయిపోతుంది, కాబట్టి అక్కడా దాని వల్ల అద్భుతాలేం జరగవు. బుల్ బార్ ఉంటే అదీ తీయించండి. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వాటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది, పైగా గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగు తెరుచుకునే లెక్క అది ఉంటే మారిపోవచ్చు.

గాలి ఉదయాన్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఇద్దరికి ఒక లెక్క, నిండు బరువుకి ఇంకో లెక్క రాసి ఉంటుంది. పోయేటప్పటి సంగతి కంటే తిరుగు ప్రయాణం చూసుకోండి. గోదావరి జిల్లాల నుంచి వచ్చే బండి వెనక భాగంలో రెండు బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు, కొబ్బరికాయలు, అరిసెల డబ్బాలు లేకుండా ఎప్పుడైనా చూశారా? అప్పుడు వెనక టైర్లకి నిండు బరువు లెక్క ప్రకారం గాలి ఉండాలి. బస్తాలు వెనక సీటుకి ఆనించి కిందే పెట్టండి, క్యారియర్ మీదకి తేలికవే ఎక్కించండి. వెనక కుంగితే హెడ్‌లైట్లు ఆకాశంలోకి చూస్తాయి, డ్యాష్‌బోర్డు మీదున్న చిన్న చక్రంతో వాటిని కిందకి దించుకోవచ్చు. ఎదుటివాడు తిట్టుకునేది ఎందుకో చాలామందికి తెలియదు.

సంక్రాంతి రోజుల్లో ప్రత్యేకంగా ఒకటి. కోలారు, చింతామణి, మదనపల్లె వైపు పల్లె రోడ్ల మీద రాగి కంకులు, ఉలవ కట్టె పరిచి ఉంటాయి. రోడ్డునే కళ్లం చేసుకుంటారు, మన బండ్లే నూర్పిడి చేసిపెడతాయి. ఎండిన ఉలవ తీగ ప్రొపెల్లర్ షాఫ్టుకి చుట్టుకుంటుంది, సైలెన్సర్ గొట్టానికి ఆనుకుని అంటుకుంటుంది. ఇలా కార్లు కాలిపోయిన ఘటనలు కర్ణాటకలో జరిగాయి. ఫోర్ బై ఫోర్‌కి కింద రెండు ప్రొపెల్లర్ షాఫ్టులు, వాటి పక్కనే పొగ గొట్టం, కాబట్టి తీగ చుట్టుకునే చోట్లు మనకే ఎక్కువ. ఎత్తుంది కదా అని దాని మీద నుంచి వెళ్లొద్దు. తప్పనిసరై వెళ్తే కొద్ది దూరంలో ఆగి కింద చూసి, చేతికి గుడ్డ చుట్టుకుని లాగేయండి. గడ్డి ఉన్న చోట పార్కింగూ వద్దు, డీజిల్ బండ్లలో ఫిల్టరు మసిని కాల్చుకుంటున్నప్పుడు ఆ గొట్టం విపరీతంగా వేడెక్కుతుంది.

ఇప్పుడు రూటు. మీ ఇల్లు తూర్పున ఉంది కాబట్టి సగం నిర్ణయం అయిపోయినట్టే. హోస్కోటె, కోలారు, ముళబాగిలు, నంగిలి, పలమనేరు, చిత్తూరు, తిరుపతి, నాయుడుపేట, నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, విజయవాడ. నేను ఓటేసేది దీనికే. విజయవాడ వరకు సుమారు 660 కిలోమీటర్లు వస్తుంది, అనంతపురం వైపు వెళ్లినా దూరంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. దీనికి ఉన్న బలం ఏమిటంటే దాదాపు అంతా మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు, ప్రతి గంటకీ ఒక ఊరు, ఆసుపత్రి, మెకానిక్. చిత్తూరు నుంచి తిరుపతికి, అక్కడి నుంచి నాయుడుపేటకి ఆరు వరుసల రోడ్లున్నాయి. నాయుడుపేటలో ఎన్‌హెచ్ 16 ఎక్కితే ఇక విజయవాడ దాకా వంకలేదు. చెన్నై నుంచి వచ్చే మనవాళ్లు కూడా తడ, సూళ్లూరుపేట దాటి ఇక్కడే కలుస్తారు.

ఈ దారిలో జాగ్రత్త పడాల్సింది పలమనేరు, బంగారుపాళెం మధ్య మొగిలి ఘాట్. రోడ్డు వెడల్పుగానే ఉంటుంది, అదే మోసం. దిగుడులో లారీల బ్రేకులు వేడెక్కి ఫెయిలవుతుంటాయి, తరచూ ప్రమాదాలు జరిగే చోటు. టూ హైలోనే, మూడో గేరులోకి దించి ఇంజిన్ బిగువు మీద దిగండి, ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో. లారీకి ముందు ఉండిపోవద్దు, పక్కపక్కనే దిగొద్దు. ఇంట్లో నాలుగున్నరకి బయల్దేరితే ఇక్కడికి వెలుతురు వచ్చాక చేరతారు, నేను ఆ వేళ చెప్పడానికి కారణం కేఆర్ పురం ట్రాఫిక్ ఒక్కటే కాదు. పొద్దున్నే జనవరి మంచు కోలారు వైపు దట్టంగా ఉంటుంది, అప్పుడు ఫాగ్ లైట్లు వేసి నిదానంగా వెళ్లండి, నడుస్తున్న బండికి హజార్డ్ లైట్లు వేయకండి.

హోస్కోటె నుంచి మొదలయ్యే బెంగళూరు, చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే మీద కర్ణాటక భాగంలో 2024 చివరి నుంచే బండ్లు తిరుగుతున్నాయి. వెళ్తే వెళ్లండి, కానీ దిగాక పలమనేరు వైపు చేరడానికి మామూలు రోడ్లు పట్టాలి, మిగిలే సమయం అక్కడే ఖర్చవుతుంది. కేంద్రం నియమాల ప్రకారం ఎక్స్‌ప్రెస్‌వేల మీద కార్లకి 120, నాలుగు వరుసల హైవేల మీద 100 గరిష్ఠం, చాలాచోట్ల స్థానికంగా అంతకంటే తక్కువే పెడతారు. నిచ్చెన చట్రం (ల్యాడర్ ఫ్రేమ్) మీద కట్టిన ఎత్తు బండిని, నిండు బరువుతో 90, 95 దగ్గర ఉంచితే డీజిలూ మిగులుతుంది, వెనకున్న వాళ్లూ నిద్రపోతారు.

మీరు ఆశపడుతున్న రెండో దారి, ఎన్‌హెచ్ 44 మీద అనంతపురం వెళ్లి, అక్కడ 544డీ పట్టుకుని తాడిపత్రి, కొలిమిగుండ్ల, బనగానపల్లె, గాజులపల్లె, గిద్దలూరు, కంభం, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు. చూడ్డానికి ఇదే అందమైన దారి, ఒప్పుకుంటాను. గాజులపల్లె నుంచి గిద్దలూరుకి నల్లమల మధ్యలోంచి వెళ్తుంటే ఏసీ ఆపి అద్దాలు దించుకోవాలనిపిస్తుంది. కానీ తాడిపత్రి చుట్టూ సిమెంటు లారీలు, నాపరాళ్ల లారీలు ఉంటాయి. రెండు వరుసల రోడ్డున్న చోటల్లా ఓవర్‌టేక్ కోసం ఎదురు వరుసలోకి రావాలి. రోజంతా అలా చేయడం డ్రైవర్ని పిండేస్తుంది. రోడ్డు పనుల దగ్గర మళ్లింపు నల్లరేగడిలోకి ఉంటే, వాన పడినరోజు ఫోర్ హై ఉన్నా మీ ముందు అడ్డంగా దిగబడిన లారీని అది దాటించదు. అడవి దారుల్లో ఇంకో చిక్కు వేళలు. కర్నూలు వైపు నుంచి వచ్చే ఆత్మకూరు, దోర్నాల దారి పులుల అభయారణ్యంలోంచి పోతుంది కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు చెక్‌పోస్టుల దగ్గర ఆపేస్తారు. మైసూరు దాటాక బందీపూర్‌లోనూ ఇదే వేళ. మ్యాపులో నీలి గీత ఈ సంగతి ఎప్పుడూ చెప్పదు. పండగ తర్వాత, ఇద్దరే ఉన్నప్పుడు, పగటిపూట ఈ దారిలో వెళ్లండి, తప్పకుండా వెళ్లాల్సిందే.

మదనపల్లె, రాయచోటి, కడప మీదుగా అని కొందరు సలహా ఇస్తారు. గువ్వలచెరువు ఘాట్ ఎక్కే పని ఉంటుంది, పాలకోవా కోసమైతే సరే.

విజయవాడ నుంచి భీమవరానికి పామర్రు, గుడివాడ, ఆకివీడు మీదుగా ఎన్‌హెచ్ 165. ఒంగోలు దగ్గరే విడిపోయి చీరాల, బాపట్ల, మచిలీపట్నం మీదుగా 216లోనూ వెళ్లొచ్చు, ఇరుకు, కానీ విజయవాడ ట్రాఫిక్ తప్పుతుంది. ఏ దారైనా చీకటి పడ్డాక డెల్టాలో కాలవ గట్టు రోడ్లెక్కకండి. పిట్టగోడ ఉండదు, మంచుకి అంచు కనిపించదు, రిఫ్లెక్టర్ లేని ధాన్యం ట్రాక్టర్ ఎదురొస్తే మీ వెడల్పాటి బండికి తప్పుకునే చోటు ఉండదు. ఆలస్యమైతే విజయవాడలోనో గుడివాడలోనో పడుకోండి, భోగిమంట మీకోసం ఆగకపోయినా ఫర్వాలేదు.

డీజిల్ ఆంధ్రాలో కంటే కర్ణాటకలో చవక, నంగిలి దాటకముందే ట్యాంకు నింపండి. ఆడ్‌బ్లూ (డీజిల్ పొగని శుభ్రం చేసే ద్రవం) పోసే బండైతే దాని మట్టం కూడా అప్పుడే చూసుకోండి, అది అయిపోతే ఇంజిన్ మళ్లీ స్టార్టవకపోవచ్చు. ఏడాదికి నాలుగైదుసార్లు ఊరెళ్లే వాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాసు గిట్టుబాటే, మొదలైనప్పుడు 2025లో ధర 3,000 రూపాయలు. 200 టోల్ దాటుళ్లు లేదా ఏడాది, ఏది ముందైతే అంతవరకు, జాతీయ రహదారుల టోళ్లకి మాత్రమే చెల్లుతుంది.

నీళ్ల గురించి ఒక మాట చెప్పకపోతే ఫోర్ బై ఫోర్ వాళ్లతో మాట్లాడినట్టే కాదు. థార్‌కి 650 మిల్లీమీటర్ల నీళ్లలో వెళ్లే సామర్థ్యం ఉందని కంపెనీ చెబుతుంది. ఆ అంకె నిలిచిన నీళ్లకి, నిదానంగా వెళ్లినప్పటికి. పారే నీళ్లు అడుగు లోతుంటే చిన్న కార్లను కదిలిస్తాయి, రెండడుగులుంటే మనలాంటి బండ్లనే తీసుకుపోతాయి. చక్రాలు నాలుగూ తిరిగినా అవి దేన్నీ పట్టుకోవు. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చి నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద ఎన్‌హెచ్ 16 తెగింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, 2024 సెప్టెంబరులో ఐతవరం దగ్గర హైదరాబాదు, విజయవాడ హైవే మునిగింది. తెగిందీ, మునిగిందీ పెద్ద హైవేలే. సంక్రాంతికి ఆ బెడద తక్కువ, కానీ అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య కోస్తా వైపు వెళ్లేటప్పుడు తుపాను హెచ్చరిక ఉంటే ఒకరోజు వాయిదా వేయండి, లేదా ఎన్‌హెచ్ 44 మీద కర్నూలు వైపు వెళ్లి చుట్టు తిరగండి.

ఒకవేళ బండి ఆగిపోతే హైవే హెల్ప్‌లైన్ 1033. లాక్కెళ్లే బండి పిలిచినప్పుడు ఫ్లాట్‌బెడ్ పంపమని పట్టుబట్టండి. ముందు రెండు చక్రాలు ఎత్తి వెనకవి రోడ్డు మీద దొర్లిస్తూ తీసుకెళ్తే ఇంజిన్ ఆగి ఉన్న బండిలో ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ అందక కాలిపోతుంది. బాగున్న భాగాన్ని చెడగొట్టుకోవడం అంటే ఇదే. వచ్చినవాడు "మేం అన్నీ ఇలాగే లాగుతాం సార్" అంటాడు, ఒప్పుకోవద్దు, గంట ఆలస్యమైనా సరే.

లదాఖ్ సంగతి. జూన్ చివర నుంచి సెప్టెంబరు వరకు మామూలు హ్యాచ్‌బ్యాకులు కూడా మనాలీ మీదుగా లేహ్ వెళ్లి వస్తాయి, కాబట్టి ఫోర్ బై ఫోర్ అర్హత కాదు, కాస్త ఊరట మాత్రమే. మంచు పడే రోజుల్లో మాత్రం అటల్ టన్నెల్ వైపు ఫోర్ బై ఫోర్‌లనీ, గొలుసులు కట్టిన బండ్లనీ మాత్రమే వదులుతారు. అక్కడ మీ లివర్‌కి నిజంగా విలువుంటుంది. అయితే వైట్‌ఫీల్డ్ నుంచి మనాలీకి ముందు రెండున్నర వేల కిలోమీటర్ల పైచిలుకు హైవే ఉంది, వెనక్కి రావడానికి ఇంకో అంత. మీ బండి అరిగేది అక్కడే. భీమవరం వెళ్లొచ్చాక ఆయిల్ సీళ్లు మళ్లీ చూపించండి, టైర్ల గాడి కొలిపించండి. ముందు టైర్లు ఒకవైపే తినేసి ఉంటే అలైన్‌మెంట్ చేయించి, ఆ తర్వాత లదాఖ్‌కి సెలవు పెట్టండి.